గోలీల పువ్వు

మా కాలనీలో తండ్రికి రోగం ఖాయమైతే మిఠాయి పంచుతారు. బయటివాళ్ళకు చెప్తే నమ్మరు. మందమర్రిలో పుట్టినవాళ్ళకు చెప్పనే అక్కరలేదు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు డాక్టర్లు పరీక్షించి, ఇతను ఇక బాయిలోకి దిగడానికి పనికిరాడని రాసిస్తే, ఆ కొలువు కొడుక్కు దొరుకుతుంది. దాన్ని మావాళ్ళు అన్‌ఫిట్ కావడం అంటారు. అన్‌ఫిట్ అయిన ఇంట్లో ఆ రోజు పండగే. ఆ ఏడు మార్చిలో మా పక్క క్వార్టర్ ఓంప్రకాశ్ వాళ్ళ బాపు అన్‌ఫిట్ అయ్యాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయని తేలింది. ఓంప్రకాశ్ ఇంటింటికీ తిరిగి మైసూర్‌పాక్ పంచాడు. వాళ్ళ బాపు గడపలో కూర్చుని దగ్గుతూ, వచ్చినవాళ్ళందరికీ దండాలు పెట్టాడు. నేనూ ఒక ముక్క తిన్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. మిఠాయి బాగుందనే అనుకున్నాను.

మా అన్న ప్రేమ్‌చంద్ తన ముక్క తినలేదు. చేతిలో పట్టుకుని బాపు వైపే చూశాడు.

"మనది ఎప్పుడు బాపూ?" అన్నాడు.

బాపు పేరు సమ్మయ్య. పనికి నాగా పెట్టడం తెలియని మనిషి. జ్వరం వచ్చినా చెప్పేవాడు కాదు, రోగమంటే ఆయనకు సిగ్గు. కానీ రిటైరయ్యే రోజు దగ్గరపడితే బోర్డుకు పోయే వీలుండదు. ఆ ఏడు దాటితే అన్నకు ఆ దారి మూసుకుపోయినట్టే. అన్నకేమో ముప్పై దగ్గరపడింది. డిగ్రీ తప్పాడు, ఎవరిదో ఆటో తోలాడు, కాంట్రాక్టర్ల లారీల మీద క్లీనర్‌గా తిరిగాడు. ఎక్కడా నిలవలేదు. తోటివాళ్ళందరూ తండ్రుల కొలువుల్లో చేరి, నెత్తి మీద టోపీ, టోపీకి లైటు పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయేవారు. అన్న అప్పుడు లోపలికి వచ్చి టీవీ పెట్టుకునేవాడు.

బాపు చాలాసేపు ఆలోచించాడు. చివరికి మేం అవ్వ అని పిలిచే అమ్మ వైపు తిరిగి, "పెడత తియ్యి దరఖాస్తు," అన్నాడు. "మోకాళ్ళు పోయినయి. బీపీ ఉన్నది. మెట్లెక్కితే దమ్మొస్తున్నది. ఉన్నది ఉన్నట్టు చెప్త. అబద్ధమైతే చెప్ప."

ఇది గుర్తుంచుకోవాలి. బాపు ఒప్పుకున్నాడు. తనంతట తానే ఒప్పుకున్నాడు.

బోర్డు జులైలో అన్నారు. అక్కడి నుంచి మా ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. బాపు దగ్గితే అన్న ముఖం వెలిగేది. బాపు హుషారుగా లేచి సైకిల్ తుడుచుకుంటే ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒకరోజు బాపు నీళ్ళ బిందె ఎత్తబోతే అన్న ఉరికొచ్చి లాక్కున్నాడు. బాపుకు సంతోషమైంది, కొడుక్కు తన మీద ప్రేమ పుట్టిందనుకున్నాడు. అన్న మాత్రం నాతో మెల్లగా, "ఎవలన్న సూస్తే ఏమనుకుంటరు పొల్లా, బిందె ఎత్తుతుండు గదా అనరా?" అన్నాడు.

కాలనీలో ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో నాకు తెలియదు. ఒక్క మోకాళ్ళతో పని కాదు, ఒక్క దమ్ముతో పని కాదు, బీపీ బాగా ఎక్కి గుండె దెబ్బతింటేనే బోర్డులో నిలబడతదని ఒక మాట తిరుగుతుండేది. నిజమో అబద్ధమో డాక్టర్లకే తెలియాలి. మా అన్న, అవ్వ మాత్రం ఆ మాట పట్టుకున్నారు.

బాపు బీపీకి పొద్దున ఒక గోలీ, సాయంత్రం ఒక గోలీ వేసుకునేవాడు. గులాబీ రంగువి, గుండ్రంగా నున్నగా ఉండేవి. బాపుకు డ్యూటీ ఉంటుంది కాబట్టి ఆసుపత్రికి పోయి తెచ్చేది అవ్వే. ఏప్రిల్‌లో తెచ్చినప్పుడు అవి తెల్లగా ఉన్నాయి.

"డాక్టర్ మార్చిండట," అంది అవ్వ. "గివి ఇంక మంచిగ పనిజేస్తయట."

బాపు చేయి చాచాడు, వేసుకున్నాడు. అవ్వ చేతి నుంచి ఏది తీసుకున్నా చూసేవాడు కాదు. పెళ్ళయిన నాటి నుంచీ అంతే.

మే నెలలో ఒక సాయంత్రం అందరం అన్నం తింటున్నాం. బయట ఎండ ఇంకా తగ్గలేదు. బాపు తలవంచి పప్పు కలుపుతుంటే కంచంలో ఎర్రటి చుక్క పడింది. తర్వాత ఇంకోటి. ముక్కులో నుంచి రక్తం. బాపు ముక్కు పట్టుకుని తల పైకెత్తాడు. అవ్వ తడిబట్ట కోసం లేచింది. అన్న కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

"తల తిరుగుతుందా బాపూ?" అన్నాడు. ఆ గొంతులో ఆశ ఉంది. ఆ గొంతు గుర్తొస్తే నాకు ఇప్పటికీ అసహ్యమే.

"జర తిరుగుతున్నది."

"గిది బోర్డుల చెప్పాలె. అన్నం తింటుంటే రక్తం కారిందని చెప్పాలె. మర్చిపోకు."

"చెప్త బిడ్డా," అన్నాడు బాపు, ముక్కు పట్టుకునే. అవ్వ తడిబట్ట బాపు నుదుటి మీద పెట్టి, అన్న వైపు ఒక చూపు చూసింది. భయపడిన చూపు. కానీ మర్నాడు పొద్దున మళ్ళీ తెల్లగోలీయే ఇచ్చింది.

జూన్ వచ్చింది. మా చర్చిలో జూన్ నెలలో ఒక ఆదివారం తండ్రులది. ఆ రోజు తండ్రులందరినీ బలిపీఠం ముందు కుర్చీలు వేసి వరుసగా కూర్చోబెడతారు. పిల్లలు ఒక్కొక్కరే పోయి, ఒక వాక్యం చెప్పి, తాము చేసిన కార్డు ఇవ్వాలి. కార్డులు చేయించేది మా సండేస్కూల్ హెప్సిబా టీచర్. ప్రతి ఏడూ రంగు కాగితాలు, మెరుపులు ఆమే కొని తెచ్చేది. ఈసారి ఆమెకు కొత్త ఆలోచన వచ్చింది.

"కొన్నయి వద్దు. కాయితం ఒక్కటి నేనిస్త," అంది. "మీ ఇంట్ల ఉన్నయే అంటియ్యాలె. పప్పులు, గుండీలు, పాత చీరె అంచు, ఏదైనా సరే. మీ ఇల్లు గా కార్డుల కనబడాలె."

టీచర్ మంచి మనిషి. ఇల్లు కనబడితే ఏమవుతుందో ఆమెకేం తెలుసు.

పిల్లలందరూ కందిపప్పు, పెసర్లు అంటించే పనిలో పడ్డారు. నాకు అందరూ చేసింది చేయడం చిన్నప్పటి నుంచీ గిట్టదు. పెద్ద పువ్వు చేయాలనుకున్నాను, రేకులకు మెరిసేవి కావాలి. అవ్వ మార్కెట్‌కు పోయినప్పుడు గుండీల కోసం ఆమె కుట్టుమిషన్ సొరుగు లాగాను. జాకెట్ ముక్కల కింద చేయి పెడితే చేతికి గోలీల పత్తాలు తగిలాయి. గులాబీ రంగువి. ఒక్కటి కూడా తీయనివి, కట్టగా ఉన్నాయి.

డాక్టర్ మార్చాడు కదా, ఇవి ఇక ఎవరికీ పనికిరావు అనుకున్నాను. పనికిరానివాటిని అవ్వ జాకెట్ ముక్కల కింద ఎందుకు దాచుకుందో ఆలోచించలేదు. ఆ రంగు చూశాను, అంతే. అంత మంచి గులాబీ రంగు ఏ దుకాణంలోనూ దొరకదు. కొన్ని గోలీలు ఒలిచి ఫెవికాల్‌తో పువ్వు రేకులుగా అంటించాను. పత్తా వెనకాల వెండికాగితం కత్తిరించి ఆకులు చేశాను. పువ్వు కింద స్కెచ్ పెన్నుతో, "బాపూ, దేవుడు నిన్ను ఆరోగ్యంగా ఉంచాలి" అని రాశాను. మా ఇంట్లో ఆ వేసవిలో అలాంటి కోరిక కోరింది నేనొక్కదాన్నే అయివుంటాను. అందరినీ ఆశ్చర్యపరచాలని కార్డును పుస్తకాల సంచిలో దాచాను.

ఆదివారం బాపు తెల్లచొక్కా వేసుకుని వరుసలో మధ్య కుర్చీలో కూర్చున్నాడు. నేను పోయి వాక్యం చెప్పి కార్డు చేతిలో పెట్టాను. బాపు నవ్వుతూ తీసుకున్నాడు. నవ్వుతూనే చూశాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. రాసిన మాట వైపు చూడలేదు. పువ్వునే చూశాడు.

బొటనవేలి గోటితో ఒక రేకు లేపాడు. దానికంటిన ఫెవికాల్ తోలు మెల్లగా ఒలిచి, గోలీని వేళ్ళ మధ్య తిప్పి చూసి, నోట్లో వేసుకుని మింగాడు.

చర్చి అంతా నవ్వింది. చాక్లెట్ అనుకున్నారు. మా పాస్టర్ అయ్యగారు కూడా నవ్వి, "సమ్మయ్యన్నకు ఇంక తీపి మీద ఆశ పోలే," అన్నారు. నేను ఆడవాళ్ళ వైపు చూశాను. అందరూ నవ్వుతుంటే అవ్వ ఒక్కతే చాప వైపు చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక బాపు చొక్కా విప్పి వంకెకు తగిలించి, మంచం మీద కూర్చుని నన్ను పిలిచాడు. అన్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

"గీ గోలీలు యాడియి బిడ్డా?"

"మిషన్ సొరుగులయి."

"ఇంక ఉన్నయా?"

"ఉన్నయి."

"తీస్కరా."

తెచ్చి ఒళ్ళో పోశాను. బాపు వాటిని ఒక పక్కన పెట్టి, అవ్వ రోజూ ఇచ్చే డబ్బా నుంచి ఒక తెల్లగోలీ తీశాడు. "ఇవేంటియి సత్తవ్వా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు.

"బొక్కల బలానికేసే కాల్షియం గోలీలు," అంది అవ్వ.

"డాక్టర్ మార్చలే?"

"మార్చలే." అవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. "పారెయ్యలే నేను. బోర్డు అయినంక మల్ల ఏద్దామనే దాచిపెట్టిన. రెండు మూడు నెలలే గదా అనుకున్న."

"అవ్వకేం తెల్వది. నేనే చెప్పిన," అన్నాడు అన్న. "నీకేం గాదనే చెప్పిన బాపూ."

బాపు అన్న వైపు చూడనే లేదు. అవ్వనే చూస్తూ, "అడిగితే నేనే బంద్ జేస్తుంటి గదనే," అన్నాడు. "వాని కోసం గా మాత్రం చెయ్యనా? అడగకపోతివి."

ఇంతే జరిగింది. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఆ మధ్యాహ్నం కోడికూర వండితే నలుగురం తిన్నాం కూడా. అది తిట్లతో పోయే గొడవైతే బాగుండేదని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

సాయంత్రం బాపు ఒక మేకు తెచ్చి, మంచం పక్క గోడకు నా కార్డు కొట్టాడు. అప్పటి నుంచి పొద్దున, సాయంత్రం కార్డు ముందు నిలబడి ఒక గోలీ గిల్లి, అవ్వ చూస్తుండగా, అన్న చూస్తుండగా మింగేవాడు. నీళ్ళు తానే ముంచుకునేవాడు. గోలీలన్నీ డబ్బాలో పెట్టుకుని వేసుకోవచ్చు. అలా చేయలేదు. వాళ్ళు చూడాలి. పువ్వు ఖాళీ అయితే నన్ను కూర్చోబెట్టి మళ్ళీ అంటించమనేవాడు. నేను రాసిన అక్షరాల పైనే అంటించేదాన్ని, ఆయన మాత్రం గోలీలనే చూసేవాడు. అన్న అదే గదిలో అన్నం తింటూ ఉండేవాడు. నా కార్డు మీద నాకే కోపం వచ్చేది.

అవ్వ ఒకరోజు బాపు డ్యూటీకి పోయాక నా జబ్బ పట్టుకుంది.

"ఎవలు చెప్పిండ్రే నీకు? ఆయనకు జెప్పుమని ఎవలు నేర్పిండ్రు?"

"ఎవలు చెప్పలేదవ్వా. రంగు మంచిగున్నదని అంటించిన."

చెంప మీద కొట్టింది. "రంగు మంచిగున్నదా," అని ఇంకోటి కొట్టింది. తర్వాత ఆమే ఏడ్చింది. నేను ఏడవలేదు. నిజం చెప్పి దెబ్బలు తిన్నప్పుడు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

బాపుకు నా చెంప కనిపించింది. దగ్గర కూర్చోబెట్టుకుని తల నిమిరాడు. "నా బిడ్డ తెలివిగల్లది," అన్నాడు. "నోటితోని చెప్తే సంపుతరని పువ్వు జేసి చెప్పింది."

"కాదు బాపూ. రంగు బాగుందనే."

"గట్లనే చెప్పు అందరికి," అని కన్నుగీటాడు. మా బాపు ముఖంలో అలాంటి జిత్తులమారి నవ్వు నేను అంతకు ముందు చూడలేదు.

బోర్డుకు పోయే ముందురోజు అన్న తలవంచాడు. బాపు కార్డు ముందు నిలబడి ఉన్నాడు. అన్న వచ్చి రెండు కాళ్ళూ పట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి, గడ్డం వచ్చిన మనిషి, నేల మీద పడి ఏడ్చాడు.

"తప్పయింది బాపూ. నన్ను కొట్టు. మోకాళ్ళు నొస్తున్నయని చెప్పు, దమ్మొస్తున్నదని చెప్పు. ఉన్నదే గదా, అబద్ధం గాదు గదా. గిది పోతే నా బతుకేంది బాపూ?"

అప్పుడు మాత్రం నాకు అన్న మీద జాలేసింది. ముక్కు నుంచి రక్తం కారిన రోజు వచ్చిన అసహ్యమంతా పోయి, బాపూ ఒక్కమాట అను, సరే అను, అని లోపల నేనూ బతిమాలాను.

బాపు చేయి చాచి పువ్వులో నుంచి ఒక గోలీ గిల్లాడు. అన్న తన కాళ్ళ మీద ఉండగానే దాన్ని నోట్లో వేసుకుని మింగాడు. తర్వాత కాళ్ళు విడిపించుకుని పోయి సైకిల్ తుడుచుకున్నాడు.

బోర్డులో డాక్టర్లు ఏం అడిగారో, బాపు ఏం చెప్పాడో మాకు తెలియదు. మోకాళ్ళ గురించి అడిగితే అక్కడే గుంజీలు తీసి చూపించాడని, ఆయనతోపాటు పోయినవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. తీసే ఉంటాడు. కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది. ఫిట్.

ఆ సాయంత్రం బాపు మైసూర్‌పాక్ తెచ్చాడు. పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చి, నన్ను ముందు నడిపించి కాలనీ అంతా తిప్పాడు. "సమ్మయ్య ఫిట్ అయిండు, తీస్కోండ్రి," అని ప్రతి గడపలోనూ చెప్పాడు. మా కాలనీలో ఫిట్ అయినందుకు మిఠాయి పంచినవాడు ఆయనొక్కడే. జనం ముక్క తీసుకుని ఏమనాలో తెలియక నా ముఖం చూశారు. ఒకరిద్దరు తలుపు వేసుకున్నారు. ఓంప్రకాశ్ వాళ్ళ బాపు మాత్రం మంచంలో లేచి కూర్చుని, ముక్క చేతిలో పట్టుకుని, దగ్గు ఆగేదాకా ఆగి, "బతికిపోయినవ్ సమ్మన్నా," అన్నాడు. బాపు ఆయన వైపు సూటిగా చూడలేకపోయాడు. ఆ సాయంత్రమంతటిలో ఆయన తలదించుకున్నది అక్కడొక్కచోటే.

చివరికి మా ఇంటికి వచ్చాం. పళ్ళెంలో మిగిలిన ముక్క బాపు తన చేత్తో అన్నకు అందించాడు. అన్న తీసుకున్నాడు. వద్దనలేదు, విసిరికొట్టలేదు. నిలబడి మొత్తం నమిలి మింగాడు. తర్వాత లోపలికి పోయి బట్టల సంచి తీసుకున్నాడు.

"యాడికి రా?" అంది అవ్వ.

"జమ్మికుంటకు. నా దోస్తు గోపాల్ ఉన్నడు ఆడ, పత్తి మార్కెట్ల ఏదన్న పని సూస్త అన్నడు."

నా పక్క నుంచి పోతూ ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను, ఎదురుచూశాను. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా నాకు బాధ ఉండేది కాదు.

ఇప్పుడు జమ్మికుంటలో బస్తాలు మోస్తున్నాడు. అవ్వకు ఫోన్ చేస్తాడు. నేనెత్తితే, "అవ్వకియ్యి," అంటాడు.

అవ్వ, బాపు ఒకే ఇంట్లో ఉన్నారు. అవ్వ వండుతుంది, బాపు తింటాడు. కానీ కంచం ముందుకు రాగానే బాపు నన్ను పిలుస్తాడు. "సలోమీ, ఉప్పు సూడు బిడ్డా," అంటాడు. నేను ఒక ముద్ద తిని, సరిపోయింది బాపూ అంటాను. అప్పుడు చేయి కడుక్కుని కూర్చుంటాడు. పొద్దున, సాయంత్రం, ప్రతి పూటా. అవ్వ ఆ సేపంతా పొయ్యి వైపు తిరిగి నిలబడుతుంది. ఆమె కూరలో ఉప్పు ఎన్నడూ తప్పింది లేదని మా ముగ్గురికీ తెలుసు.

మళ్ళీ జూన్ వచ్చింది. ఈసారి నేను చేయనన్నాను. హెప్సిబా టీచర్ ఒప్పుకోలేదు. "పోయినేడు నీదే అందరికి నచ్చింది," అంది. సరేనని కాగితం తీసుకున్నాను. ఈసారి ఏదీ అంటించలేదు. స్కెచ్ పెన్నుతో ఉత్త పువ్వు గీసి, దాని కింద రాయాల్సింది రాశాను.

బాపు అదే తెల్లచొక్కా, అదే వరుస. కార్డు తీసుకుని పువ్వు మీద బొటనవేలి గోటితో గీకాడు. రంగు కొంచెం లేచింది. వెనక్కి తిప్పి చూశాడు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, కాగితం మధ్యలో ఏమైనా ఉందేమోనని చూశాడు.

"ఈసారి ఏం అంటియ్యలేదేంది?"

"లేదు బాపూ."

నా చెవి దగ్గరికి వంగాడు. "ఇంట్ల అంత మంచిదేనా?"

ఆడవాళ్ళ వైపు అందరూ పాట పాడుతున్నారు. అవ్వ ఒక్కతే పాడడం ఆపి నా నోటి వైపు చూస్తోంది. నేను ఏం చెప్తానోనని ఇద్దరూ కాచుకుని ఉన్నారు. నాకు భయమేసింది, ఒకరిని చూసి కాదు, ఇద్దరినీ చూసి.

"మంచిదే బాపూ," అన్నాను.

బాపు నిమ్మళంగా నవ్వి, కార్డును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పువ్వు కింద రాసింది ఈసారీ చదవలేదు. రంగు బాగుందనే అంటించాను బాపూ, నాకేం తెలియదు, అని రాశాను.